ఎడమ కాలి చెప్పు

హలో… ఆ, నానే. జ్యోతక్కని.

ఏటా గోల?… మైకు పక్కన నిలబడ్డావేటి? కాస్త అవతలికి రా… రారా బాబు, ఒక్క నిమిషం. సింహాచలం అప్పన్న కొండ ఎక్కడికీ ఎలిపోదు.

ఆ… ఇప్పుడినపడతంది. ఎంతవరకు వచ్చావు?… సీతమ్మధారా! అప్పుడే! కొండకింద తొలిపావంచా మెట్టు కాడ కొబ్బరికాయ కొట్టి బయల్దేరింది ఇవాళ తెల్లారగట్లే కదా. గిరిప్రదక్షిణ నడుత్తన్నావా, ఎగురుతన్నావా?…

నవ్వు. నవ్వు.

అనూరాధ ఫోన్ సేసింది… మరి సెయ్యదేటి? పెళ్ళాం కదా. ‘వదినా, బూట్లు మంచం కిందే వదిలేసి కూర్మన్నపాలెంలో మొదటి బస్సెక్కీసారు’ అని ఒకటే ఏడుపు. నాను సర్దిసెప్పాను. ఏటని సర్దిసెప్పానో నాకే తెల్దు.

… లేదురా, తిట్టడానికి సెయ్యలేదు.

… తిట్టన్లే అంటన్నాను కదా! కాని ఒరే శంకరా, షుగరుందని తెలిసి ఇంకా నెల కాలేదు. స్టీలుప్లాంటు గేటు కాడ సేఫ్టీ బూటు లేకపోతే లోపలికే రానివ్వరు. ఇక్కడికొచ్చేసరికి ఒట్టికాళ్ళా?

… డాక్టరమ్మ నడవమందా? ఆ, నడవమంది. నానూ పక్కనే ఉన్నాను కదా. పొద్దుటే, బూట్లేసుకుని, కాలనీ సుట్టూ నడవమంది. కొండ సుట్టూ అనలేదు.

… ఏటి తిన్నావు?… ఒట్టి పానకమా!… ఎన్ని టెంట్లలో?… ఇచ్చిందల్లా తాగీసావా! ఓలమ్మ!… ప్రసాదమైతే? ప్రసాదంలో బెల్లం బెల్లం కాదేటి?… కాదనకూడదంట, మా బాబే. మజ్జిగ అడుగు. మజ్జిగ పోసీవోలు కూడా ఉంటారు, వాళ్ళదీ పుణ్యమే.

మాత్ర ఏసుకున్నావా?… అదొక్కటీ మంచిపని సేసావు.

నాగవంశీ ఉన్నాడా నీతోటి?… మీ షిఫ్టు కుర్రాడే కదా. ఎలాగున్నాడు?… కాళ్ళు కాలిపోయి గెంతుతన్నాడా? పాపం… తారు మెత్తబడిపోయిందా? అవున్రా, ఈ మాధవధారలో మా ఈధి కూడా పెనంలాగే ఉంది. మీరొచ్చేసరికి సల్లబడాలని గొట్టాలట్టుకుని రోడ్డంతా నీళ్ళు కొడతన్నారు.

మరి నీకు?

… నీకు కాలట్లేదా?

… ఏటీ?

మళ్ళీ సెప్పు.

… మళ్ళీ సెప్పరా. మెల్లిగా.

… ‘అప్పన్న నా అరికాలి కింద సెయ్యి పెట్టాడు.’

…

ఒరే. ఈ మాట నీకెవరు సెప్పారు?

… ఎవరూ సెప్పలేదా?… నడుత్తంటే నోటికొచ్చిందా? దానంతటదే?

… లేదు, ఉన్నాను. ఫోను కట్టవలేదు.

అమ్మ ఇక్కడ గడప కాడ కూకుని ఒత్తులు సేత్తంది. నానీ మాట పైకనేసరికి ఆవిడ సెయ్యి ఆగిపోయింది. నాకాసే సూత్తంది.

ఆ మాట నాన్నది రా.

… నీకు తెల్దు. నువ్వప్పుడు ప్లాంటు తరపున ట్రైనింగుకని బయటూరెళ్ళావు. నాన్న ఆఖరుసారి కొండ సుట్టూ నడిసిన ఏడాది. మా గుమ్మం ముందునించే ఎళ్ళాడు. నాను మజ్జిగ గ్లాసట్టుకుని నిలబడ్డాను. అందరూ నిప్పుల మీద పడ్డట్టు గెంతుతన్నారు. నాన్న మాత్రం పట్టుపరుపు మీద నడిసినట్టు… నెమ్మదిగా… నవ్వుకుంటూ… కాలట్లేదా నాన్నా అనడిగాను. ‘అప్పన్న నా అరికాలి కింద సెయ్యి పెట్టాడే జ్యోతీ’ అన్నాడు.

ఈధంతా దణ్ణాలెట్టింది. అమ్మ వొంగి నాన్న పాదం కళ్ళకద్దుకుంది.

లేసేసరికి అమ్మ సెంపకి రగతం.

… కొబ్బరిపెంకు. దారంతా కాయలు కొడతారు కదా, ఆ పెంకు. ఎక్కడ దిగిందో, దిగాక ఎంత దూరం నడిసాడో, నాన్నకి తెలవనే లేదు. పీకీసినా పుండు మానలేదు. ముందు ఏలు తీసారు. తర్వాత పాదం. తర్వాత…

తర్వాతది నీకు తెలుసు. పాడె మోసినోడివి నువ్వే.

… కాదురా. దయ కాదది. షుగరు కాలి నరాలు తినీసింది. మంట లేదని మనం దణ్ణాలెట్టాం.

… నీకా? నీకొచ్చి నెల కాలేదా? నెల కానిది తెలిసి. వచ్చి ఎన్నాళ్ళయిందో ఎవరికి తెలుసు? పొద్దస్తమానం బూట్లలో ఉండే కాళ్ళు. ఎప్పుడైనా తిప్పి సూసుకున్నావా?

మొన్న డాక్టరమ్మ నీ అరికాలికి సన్నటి దారంలాంటిది ఆనించి ‘తెలుస్తోందా’ అనడిగింది. నువ్వు తెలుస్తందన్నావు. ఆవిడ రాసుకుంది. నీ కళ్ళు ఆ దారం మీదే ఉన్నాయిరా. సూసి సెప్పావు.

… ఊఁ. ప్లాంటులో అన్‌ఫిట్టు రాసేత్తారని బయమా… అదే అనుకున్నాను.

సరే, దేవుడి సంగతే మాటాడదాం. అప్పన్న ఏడాది పొడుగునా చందనం కప్పుకునే ఉంటాడు. ఎందుకు?… సెప్పు, సిన్నప్పుడు నాన్న సెప్పిందే… ఒంటి మంట సల్లారడానికి. ఆయనకే మంట తెలుస్తాది. నీకు తెలవట్లేదంటే అది ఆయనిచ్చిందెలాగవుద్ది?



… ఎవరు? ఎనకాల?

… కర్రా?… ఎవరో కర్ర పోటేసుకుంటూ నీ ఎనకాలే వత్తన్నారా? ఎప్పట్నించి?… హనుమంతవాక దాటిన కాణ్ణుంచా! మరి ముందే సెప్పవేటి?… తిరిగి సూసావా?… ఎవరూ లేరా?… ఆడోళ్ళ గుంపొకటి, అంతేనా?

ఏదీ, రెండడుగులెయ్యి. ఫోను కిందికి పెట్టి ఎయ్యి.

…

టక్కు.

… ఆ. ఇనపడింది.

ఒక్క కాలికే ఇనపడతంది. పాదం తీసాక కర్ర పోటేసుకునే నాన్న నడకలాగే.

… ఒరే, నాన్న కర్ర ఇక్కడే ఉంది. తలుపెనకాల. నాకు కనపడతంది. బయపడకు. నిలబడిపో, అడుగెయ్యకు.

… నువ్వాగితే అదీ ఆగిపోయిందా?

ఊఁ.

శంకరా, ఫోను వంశీకియ్యి… ఇయ్యరా.

బాబూ వంశీ, నాను శంకర్ వాళ్ళ అక్కని… ఆ, బాగున్నాను. ఒక పని సెయ్యి నాయనా. ఆణ్ణి పక్కన ఏ అరుగు మీదో కూకోబెట్టు… కూకున్నాడా? ఇప్పుడు ఎడమకాలు ఎత్తి అరికాలు సూడు… ఎడమదే… ఎందుకు ఎడమదంటే… ముందు సూడు బాబూ.

… తడిగా ఉందా. నీళ్ళు కొట్టిన తడి అంటన్నాడా? నీళ్ళు ఎర్రగా ఉంటాయేటి?

… సెప్పు.

… ఎంతుంది?

… పీకొద్దు! నువ్వు పీకొద్దు నాయనా, ఉండనీ. పెంకు కాలిలోనే ఉండిపోయి, అడుగడుక్కీ తారుకి కొట్టుకుంటంది. ఆ టక్కు టక్కు అదే.

నొప్పంటన్నాడా?

… నవ్వుతన్నాడా.

… ఏటి? రోడ్డు మీద?… ఎంత దూరం ఉన్నాయి రగతం అడుగులు?… మలుపు కాడనించా… ఒక్క కాలివే. ఆ. తెలుసు బాబూ. నాను సూసాను అలాంటివి, మా గుమ్మం ముందర.

ఇను. దగ్గర్లో డాక్టర్ల టెంటు ఉందేమో సూడు… ఉందా? ఆణ్ణి నడిపించకు, వీపు మీద ఎక్కించుకో. ఈడికి షుగరుంది, కాలికి స్పర్శ లేదు అని ముందే సెప్పు. ఆడు సెప్పడు, నువ్వు సెప్పు. ఒకసారి ఆడికియ్యి ఫోను.

… శంకరా.

ఏడవకురా. మంచిదయింది, తొందరగా తెలిసింది. నాన్నకి తెలిసేసరికి… ఏడవకు.

… తెలుసు. నీకు ప్లాంటులో ఉద్యోగం వత్తే ఏడేళ్ళు వరసాగ్గా నడుత్తానని నాన్న మొక్కుకున్నాడు. ఆఖరి ఏడాది మిగిలిపోయింది. అది నీ నెత్తి మీద ఉందని నువ్వు. నాకు తెల్దేటి?… సగంలో ఆగిపోతే ఆయనకి సాంతి ఉండదంటావు.

ఆగిపోదు. నాను నడుత్తాను.

… సీతమ్మధార నించి మళ్ళీ తొలిపావంచా దాకా. నువ్వు ఎక్కడ ఆగావో అక్కణ్ణించే.

… ఆడపిల్లైతే ఏటి? నాను వరహాలు కూతుర్ని కాదా? నీ ఉద్యోగం మీద నాకు హక్కు లేకపోతే లేదుగాని, నాన్న మొక్కు మీద లేదేటి?

… కాలతాయి. నాకు బాగా కాలతాయి. అందుకే నాను నడవాలి.

… ఉండు. అమ్మ లేసింది.

… బీరువా కాడికెళ్ళింది. ఏటో తీత్తంది. నాను అడగలేదు.

… నాన్న సెప్పులురా.

ఆ మెత్తటి నీలం సెప్పులు. షుగరోళ్ళు ఏసుకోవాలని డాక్టరు రాసిచ్చినవి. కొనేసరికి ఎడం పాదం లేదు కదా… కుడిదే ఏసుకునీవోడు. కుడిదాని మీద నాన్న ఏళ్ళన్నీ అచ్చుపడి ఉన్నాయి. బొటనేలు కాడ గుంటపడిపోయింది.

ఎడమది కొత్తదిరా. కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. దుమ్ము కూడా లేదు. అమ్మ తుడుత్తా ఉంటాదో ఏటో… అడగలేను.

… అమ్మ ఏటో అంటంది. ఆగు… ‘ఎడమది ఆడి కాలికి తొడిగి, నడిపించుకుని ఇంటికి తీసుకురా’ అంటంది.

మాటాడతావా అమ్మతోటి?… సరే. ఒద్దులే. ఆవిడా సెయ్యి ఊపుతంది, ఒద్దని.

నాను బయల్దేరతన్నాను. ఇయాల ఈ దారిలో ఆటోలూ ఉండవు, బస్సులూ ఉండవు. నడిసే వత్తాను. టెంటులోనే ఉండు. కట్టు కట్టాక సెప్పు పట్టీ వదులు సేసి తొడుగుదాం… ఆ తర్వాత నువ్వు వంశీతోటి ముందు పెద్దాసుపత్రికి, అక్కణ్ణించే ఇంటికి. ఈసారి దారం ఆనించినప్పుడు కళ్ళు మూసుకో.

… నా సెప్పులా? గుమ్మం కాడ వదిలీసాను. మళ్ళీ ఎక్కడో ఇప్పడమేటి.

… అబ్బ!

… ఏటీ లేదు. రోడ్డెక్కాను.

అబ్బా… కాలతంది రా. శంకరా, కాలతంది… ఏడవట్లేదు నాను. ఎండ.

… ఆ? ఏటినపడతంది?

… టక్కు టక్కా? ఇప్పుడు నా కాణ్ణించా?

అది నాన్న కర్రే రా. నా సేతిలో ఉంది. నువ్వానుకోడానికి తెత్తన్నాను.

కదలకు. ఫోను పెట్టెయ్.

మేం వత్తన్నాం.