కార్డు వేసిన రెండడుగులు

"ఎస్సై ఆ మాటే అన్నాడు నాగేషప్పా. నీ మొగుడే పోయి సక్రం కింద పడినాడు, వీడియోలో తేటగా ఉంది, ఇంగ ఇంటికి పో అన్నాడు."

"కూసో అక్కా. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. ఆ వీడియో నువ్వు సేసిందేనా?"

"నువ్వే గదక్కా పెన్‌డ్రైవు తెచ్చిచ్చింది. మసకగా ఉంది, తేట సేసియ్యప్పా అంటివి."

ఎమ్మిగనూరులో నాగేష్ నడుపుతున్న కంప్యూటర్ గేముల దుకాణం అది. దేవమ్మ ఆదోని నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఇరవై రోజుల కిందట పత్తి యార్డు ఎదుట ఒక జిన్నింగు మిల్లు లారీ ఆమె భర్త ఇస్సాకును తొక్కి చంపింది. ఎదుటి కొట్టు కెమెరాలో పడిన దృశ్యం తప్ప నోరు విప్పే సాక్షి లేడు. అతడు కావాలనే చక్రం కింద పడ్డాడన్న రాత పోలీసు కాగితాల మీద నుంచి పోవాలన్నదొక్కటే ఆమె కోరిక.

"తేట సెయ్యమంటి. ఆయప్ప మీద తప్పు తొయ్యమంటినా?"

"అట్లనొద్దక్కా."

"మరి ఆయప్ప నడిసిపోయింది నిజమేనా? ముందుటి బొమ్మ సూసినోనివి నువ్వు. సెప్పు."

"నిజమంటే... ఆ కెమెరా నాసిరకంది. రెండు సెకన్లకు ఒక్క బొమ్మే పట్టింది. ఒక బొమ్మలో ఇస్సాకన్న రోడ్డు అంచున నిలబడుకోని ఉండాడు. దాని పక్క బొమ్మలో లారీ కింద ఉండాడు."

"ఆ రెంటికీ నడుమ?"

"నడుమ ఏమీ ల్యా."

"మరి ఎస్సై సూసిందేంది?"

"కార్డు గీసింది."

"ఏం కార్డు?"

"గ్రాఫిక్స్ కార్డక్కా. ఈ పెట్టెలో మూడు ఫ్యాన్లు తిరుగుతాండాయే, అది. పిల్లోల్లు గేమాడేటప్పుడు బొమ్మ ఎగిరెగిరి పడకుండా, ఒక బొమ్మకూ ఇంగొక బొమ్మకూ నడుమ లేనివాటిని అదే ఊహించి గీస్తాది. మసకుంటే తేట సేస్తాది. దాని గొప్పంతా అదే. మగ్గం మీద పోగు తెగితే మా నాయన అతుకుతాడు సూడు, అట్ల."

"అతికినోనికి తెలుస్తాది యాడ తెగిందో. కోక కొన్నోళ్ళకు తెలుస్తాదా?"

"తెల్దు."

"లారీనే అంచుమీదికి వచ్చిందని హమాలీలంతా గుసగుసలాడినారు. ఠాణాకు రమ్మంటే ఒగడూ రాల్యా, పని పోతాదని. నీ కార్డుకు కనపడలేదా లారీ వచ్చేది?"

"లారీ వచ్చిందా, మనిషి పోయినాడా, దానికేం తెల్సక్కా. మనిషిని నడిపించింది. లారీ తిరిగేది గీసేదానికంటే అది సులువేమో."

"సులువు. అందరికీ అదే సులువాయ."

"నాకు పాపం తగల్తాదని తెల్సక్కా."

"పాపం సంగతి తర్వాత. ఈ మాటే పోయి ఎస్సైకి సెప్పు. ఇప్పుడే పోదాం లే, బస్సుంది."

"మొన్ననే పోయినా. మిషను అబద్ధం సెప్తాదా, నువ్వు సెప్తావా అని నవ్వినాడు. ఇంగొకసారి వస్తే సాక్ష్యం మార్చినావని నీ మీదే కేసు రాస్తానన్నాడు."

"అయితే ముందుటి వీడియో ఇయ్యి. కోర్టులో అదే సూపిస్తా."

"అది... పెన్‌డ్రైవులో సోటు సాల్లేదక్కా."

"సాలకపోతే?"

"పాతది తీసేసి కొత్తది పెట్టినా. ఈ పెట్టెలోనూ పాతది ఉంచల్యా. బాగుండేది ఉంది గదా అనుకున్నా."

"కొట్టోని కెమెరాలో ఉంటాది గదా?"

"పదైదు దినాలకు అదే సెరిపేసుకుంటాది. ఆడా పోయింది."

"అంటే, నీ కార్డు గీసిందొక్కటే మిగిలింది."

"అదొక్కటే."

"నేనింగా దాన్ని సూల్లేదప్పా. ఠాణాలో ఆడదానివి, నీకెందుకన్నారు. నువ్వు సూపించు."

"వద్దక్కా. సూడలేవు."

"వెయ్యి."

దృశ్యం పట్టుమని నాలుగు క్షణాలు లేదు. అంచున నిలబడ్డ ఇస్సాకు ఎడమకాలు, కుడికాలు మార్చి వేసి రెండడుగుల్లో లారీ కిందికి పోయాడు. దేవమ్మ కన్నార్పలేదు.

"సాలా అక్కా? ఆపేస్తా."

"ఆపొద్దు. ఆ రెండడుగులు మళ్ళ వెయ్యి."

"ఎందుకక్కా, ఊరికే ఏడుపు."

"ఏడుస్తాండానా నేను? వెయ్యి. మిల్లు మిషన్లో ఎడమకాలు నలిగి ఆరేండ్లాయ. ఆ పొద్దు నుంచి ఆ కాలు నేలకు మోపి ఒక్కడుగూ ఎయ్యలేదప్పా ఆయప్ప."