మడిపొయ్యి

పెదపాడు శివాలయం అర్చకుడు భీమశంకరంగారి ఇంటి వెనక వసారా. పొద్దున్న పది దాటింది. కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యిలు బాగుచేసే విశ్వాసం ఏలూరు నుంచి ఎండనపడి రావడం ఈ నెలలో ఇది మూడోసారి. పాపం, హెల్మెట్ తియ్యకముందే మాట మొదలైంది.

“మళ్ళీనా పంతులుగారూ! ఇవాళేం నంబరొచ్చిందండీ?”

“ఈ-టూ. పొద్దున్నుంచీ అదే. పెట్టిన పది నిమిషాలకి కుయ్యో మని కూసి ఆరిపోతోంది. మొదటిసారి జీరో. తర్వాత త్రీ. ఇప్పుడు టూ. ఇది నైవేద్యం వండే పొయ్యా, పిల్లలకి అంకెలు నేర్పే బడా?”

“నన్నడిగితే ఏం చెప్పనండీ. నిద్దట్లో కూడా ఆ అంకెలే కలవరిస్తున్నానట, మా ఆవిడ జాయ్సీ నవ్వుతోంది.”

“ఏవండీ, ముందు ఆ అబ్బాయిని కూర్చోనివ్వండి. మంచినీళ్ళు గడప మీద పెట్టాను బాబూ, తీసుకో.”

“తీసుకుంటానమ్మగారూ.”

“శకుంతలా, నువ్వు గడప దాటకు. మడిలో ఉన్నావు. విశ్వాసం, నువ్వూ కాస్త చూసుకో నాయనా, ఆవిడకి తగలకు.”

“మూడుసార్లొచ్చానండీ. ఎప్పుడైనా తగిలానా?”

“తగల్లేదులే. జాగ్రత్త కోసం చెప్తున్నాను. మొన్న చలికాలంలో ఆవిడకి న్యుమోనియా వచ్చింది కదా, రోజుకి ఒక్క స్నానమే అన్నాడు డాక్టరు. ఇప్పుడు మడి చెడిందనుకో, మళ్ళీ నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకోవడానికి లేదు. ఇవాళ్టికి ఇంక వంట లేనట్టే. పదకొండున్నరకి స్వామికి మహానైవేద్యం వెళ్ళాలి.”

“వెళ్ళకపోతే ఏవవుతుందండీ, ఒక్కరోజుకి?”

“ఒక్కరోజుతో పోతుందా? మా తమ్ముడి కొడుకు సాయిగణేష్ ఇంట్లో వండుతారు. ఇవాళ అక్కడ వండారంటే రేపట్నించీ అక్కడే. నిన్న గుడి కమిటీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు. రెండుసార్లు ఆలస్యమైంది పంతులుగారూ, మూడోసారి మీ ఇంటినుంచి రాకపోతే ఆ ఏర్పాటు మార్చేస్తాం అని. మా తాతగారి నాటినుంచీ ఈ ఇంటి వంటే స్వామికి. నా కాలంలో పోవాలా?”

“అంత ఇబ్బందైతే గ్యాస్ పెట్టుకోవచ్చు కదండీ.”

“గ్యాసా! ఆ బండ వీధివీధీ తిరిగి పదిమంది చేతులు పడి వస్తుంది. కట్టెలపొయ్యే వాడేవాళ్ళం, ఆవిడకి పొగ పడదన్నారు. అందుకే ఇది కొన్నాం. కరెంటు తీగలో వస్తుంది, దాన్నెవడూ ముట్టుకోడు. కరెంటుకి మైల లేదు.”

“కరెంటుకి లేదండీ. పొయ్యికే వచ్చింది.”

“అంటే?”

“అంటే ఏముందండీ. మొదటిసారి జీరో వచ్చింది. జీరో అంటే గిన్నె కనపడలేదని. మీరేమో ఇత్తడి తప్పేలా పెట్టారు. ఇత్తడి దానికి కనపడదు. అడుగున ఈ ఇనప పళ్ళెం వేసుకోండని నేనే తెచ్చిచ్చాను. పొయ్యి వెలిగింది. నేనటు వెళ్ళగానే మీరు పొయ్యిని తీసుకెళ్ళి నూతి దగ్గర కడిగారు. రెండు చేదలు పోసి.”

“రెండు కాదు. ఒకటే.”

“ఒకటే చాలండీ. లోపలికి నీళ్ళు దిగాయి, త్రీ వచ్చింది. విప్పి చూసేసరికి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది పంతులుగారూ. నా చెయ్యి పడిందని కడిగితే, దానికోసం మళ్ళీ నేనే రావలిసొచ్చింది.”

“నీమీద నాకేం లేదు విశ్వాసం. మా సొంత తమ్ముడు ముట్టుకున్నా కడుగుతాం.”

“తెలుసండీ. అందరూ అలాగే అంటారు.”

“మొన్న మాత్రం కడగలేదు. ఇవాళా కడగను. కాస్త సంప్రోక్షణ, అంతే.”

“ఆ నీళ్ళేవో పక్కన నేల మీద చల్లుకోండి. పొయ్యి మీద ఒక్క చుక్క పడకూడదు.”

“సరే, నేల మీదే. ముందు నువ్వు సంగతి చూడు. టూ అంటే ఏవిటి?”

“వేడండీ. లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. దానికి గాలి ఆడకపోతే పొయ్యి వేడెక్కిపోయి తనంతట తనే ఆగిపోతుంది. ఉండండి, తిరగేస్తాను. ఆఁ, ఇదిగో. ఫ్యాను చిల్లులకి అడ్డంగా గుడ్డ ఉందండీ.”

“గుడ్డా? ఎలకలు! శకుంతలా, వంటింట్లో ఎలకలున్నాయని నేను చెప్పానా లేదా?”

“చెప్పారు.”

“చూశావా మరి?”

“ఆ, ఎలకలే అయ్యుంటాయి.”

“ఎలకేనా విశ్వాసం?”

“ఎలక... అయ్యుండొచ్చండీ.”

“దాని దుంపతెగ. సరే, అభిషేకానికి జనం వచ్చేసి ఉంటారు, నేను గుడికి వెళ్తున్నా. కాసేపాగి ఫోన్ చేస్తాను, వెలిగిందో లేదో చెప్పు. శకుంతలా, బియ్యం కడిగి ఉంచావా?”

“ఉంచానండీ.”

“పప్పు?”

“నానింది. మీరు వెళ్ళండి.”

వీధితలుపు మూసిన చప్పుడైంది.

“అమ్మగారూ.”

“ఊఁ.”

“ఎలక గుడ్డని నాలుగు మడతలు పెట్టి దోపదండీ.”

“తెలివైన ఎలకేమో.”

“గుడ్డ ఇంకా తడిగానే ఉంది. మీరు కట్టుకున్న చీర లాగానే.”

“మంచినీళ్ళు తాగావా బాబూ?”

“తాగానండీ. నేనడిగేది—”

“ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి. చెరువుల్లో చేపలు తేలిపోతున్నాయట, విన్నావా?”

“విన్నానండీ. అమ్మగారూ, నేను మొన్నొచ్చినప్పుడు మీరు నన్నో మాట అడిగారు, గుర్తుందా? జీరో అంటే గిన్నె, త్రీ అంటే నీళ్ళు, ఇంకా ఏమేం నంబర్లుంటాయి బాబూ అని. ముచ్చటపడి అడుగుతున్నారు కదా అని నేను వరసగా అన్నీ అప్పచెప్పాను. ఫ్యానుకి గాలాడకపోతే టూ వస్తుందని చెప్పింది నేనే.”

“నువ్వు బాగా చెప్తావు నాయనా. ఒక్కసారి వింటే మర్చిపోం.”

“ఎందుకండీ ఇలా చేశారు? ఈ ఎండలో పన్నెండు కిలోమీటర్లు బండి తోలుకుంటూ వచ్చాను.”

“తెలుసు. నీకు కష్టం కలిగించాను. ఏమీ అనుకోకు.”

“అనుకోవడం కాదండీ. చెప్పండి.”

“ఏం చెప్పను? ముప్పై ఎనిమిదేళ్ళు బాబూ. తెల్లారగట్ల నాలుగింటికి నూతి దగ్గర చన్నీళ్ళు. ఆ మీదట తడిచీర. ఆ తప్పేలా ఎప్పుడైనా ఎత్తావా? నువ్వెందుకు ఎత్తుతావులే. నీళ్ళూ బియ్యమూ పోశాక దాన్ని దించేటప్పుడు ప్రాణం లేచిపోతుంది. వయసులో ఉన్నప్పుడు నెలకి నాలుగు రోజులు మా తోటికోడలు వండేది. అవే నాకు సెలవులు. ఆ నాలుగు రోజుల కోసం ఎదురుచూసేదాన్ని తెలుసా? ఇప్పుడు అవీ లేవు.”

“అయ్యో.”

“అలిసిపోయాను నాయనా. ఇంకేం లేదు. అలిసిపోయాను.”

“ఆ మాట పంతులుగారితో అనండమ్మగారూ. ఆయన మాత్రం కాదంటారా?”

“ఎలా అనను? ఇంక వండలేనండీ అంటే, స్వామికి పెట్టలేనన్నట్టు వినపడుతుంది ఆయనకి. ఆయన దాకా ఎందుకు, నాకే అలా వినపడుతోంది. ఎన్నిసార్లు అనబోయానో. నోరు రాదు. నా బదులు ఆ పొయ్యే అనేస్తే బాగుండునని...”

“పొయ్యి అనదండీ. గుడ్డ తీసేశాను కదా, ఇప్పుడు వెలుగుతుంది.”

“వెలుగుతుందంటావా?”

“ఇటు గోడకే ప్లగ్గు పెట్టాను. మీరు ఆ సంప్రోక్షణ నీళ్ళు నేల మీద చల్లి, తప్పేలా తెచ్చి ఇనప పళ్ళెం మీద పెట్టండి. నేను మీట నొక్కేసి దూరం జరుగుతాను.”

“ఇదిగో, పెట్టాను.”

“ఇటు జరిగానండీ. చూడండి... ఏ నంబరూ లేదు. నీళ్ళు వేడెక్కుతున్నాయి. అయ్యో, అమ్మగారూ! అలా కూలబడ్డారేవిటి? కళ్ళు తిరిగాయా?”

“లేదు. వెలిగింది కదా, అందుకు.”

“పోనీ ఒక పని చేస్తాను. పొయ్యి పోయింది, ఇంక బాగుపడదని పంతులుగారితో చెప్పేస్తాను.”

“సాయంత్రానికి ఏలూరు వెళ్ళి ఇంకోటి తెస్తారు. ఆయన సంగతి నీకు తెలీదు. అయినా నీ చేత అబద్ధం ఎందుకు ఆడించాలి? గుడ్డ దోపినప్పుడే నా మనసు నన్ను తినేసింది.”

“ఇదిగో, ఆయనే ఫోను. ఆఁ, చెప్పండి పంతులుగారూ... వెలిగిందండీ... లేదండీ, ఏ నంబరూ లేదు... ఆఁ, బాగానే ఉన్నారు... అలాగేనండీ.”

“ఏమన్నారు?”

“పదకొండున్నరకి తప్పేలా మోసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తారట. ‘స్వామి మా ఇల్లు వదల్లేదు విశ్వాసం’ అన్నారు.”

“పాపం. మంచి మనిషి.”

“మంచివారేనండీ. మీరూ మంచివారే. మీ మంచితనాల మధ్య నా బండి అరిగిపోతోంది.”

“ఇంక నిన్ను తిప్పనులే.”

“నవ్వడానికన్నానండీ. సామాను సర్దుకుంటాను. ఇదిగో, ఈ గుడ్డ గడప మీద పెట్టేస్తున్నాను. పంతులుగారి కంట పడకుండా తీసేసుకోండి.”

“ఆగు.”

“ఏవండీ?”

“గడప మీద పెట్టకు.”

“గడప మీద పెడితేనే కదండీ మీరు తీసుకుంటారు. మంచినీళ్ళ గ్లాసైనా, ఏదైనా.”

“ఇవాళ వద్దు.”

“అమ్మగారూ, చెయ్యి చాపుతున్నారేవిటండీ? తగులుతుంది. మళ్ళీ స్నానం కూడా చెయ్యకూడదు మీరు.”

“తెలుసు.”

“పదకొండున్నరకి మహానైవేద్యం. ఆ తప్పేలా ఇంక మీరు ముట్టుకోవడానికి ఉండదు. ఇవాళ తప్పిందంటే ఇంక—”

“అన్నీ తెలుసు నాయనా.”

“ఇన్నాళ్ళూ నా చెయ్యి పడిందని కడిగారు. ఇప్పుడా చెయ్యే కావలిసొచ్చిందా అమ్మగారూ?”

“అవును. నీ మొహం చూడ్డానికి సిగ్గుగానే ఉంది. నువ్వు కాదంటే బలవంతం లేదు. వెళ్ళి వండుతాను.”

“పంతులుగారు అడిగితే?”

“ఎలక కాదని చెప్తాను. నేనే చెయ్యి చాపానని చెప్తాను. ఆ ఒక్క మాటా అయితే అనగలను.”

“ఇంకోసారి ఆలోచించుకోండి అమ్మగారూ.”

“ఆలోచించాను. నా చేతికియ్యి బాబూ.”