తాతగారి మాట

తెల్లారితే కూతురి పెళ్ళి. అమలాపురంలో షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే కొట్టు ఆయనది, తాతలనాటిది. పూలు కట్టిన పందిట్లో ఒక్క కుర్చీ కూడా కనపడక భార్య ఆయన దగ్గరికి పరుగున వచ్చింది.

"కుర్చీలేవండీ?"

"అద్దెకెళ్ళేయే."

"అన్నీనా?"

"మంచి ముహూర్తమాయె! ముమ్మిడివరంలోనే నాలుగు పెళ్ళిళ్ళు. వచ్చిన బేరం వదలొద్దని తాతగారి మాట కదా!"

"ఆయన పోయి ముప్ఫయ్యేళ్ళయింది! మగపెళ్ళివారు దేనిమీద కూచుంటారు?"

"చాపలున్నాయిగా?"

"పొద్దున్నే అప్పనపల్లి పంపేసేరు మీరే!"

ఇంతలో ఫోన్ మోగింది.

"ఎత్తేరంటే ఊరుకోను!"

"ఆయ్, చెప్పండి... రేపటికాండీ?" ఆయన మొహం వెలిగిపోయింది. మెల్లిగా తలెత్తి పైకి చూసేరు. "ఒక్క పందిరుందండి. పూలు కూడా కట్టేసేమండి!"