రెండో రోజు రక్తం

హలో… ఆ, నేనే. అంబికనే మాట్లాడేది. చెప్పు మారక్కా…

…

తెలిసిందక్కా. పొద్దున్నే పాల సొసైటీలో చెప్పినారు, మీ ఆవు అమ్ములు చచ్చిపోయిందని… రావాల్సింది నేను. ఏ మొగం పెట్టుకొని వచ్చేది…

లేదు, ఏడువక్కా. నాకేం పని లేదు. ఏడువు.

…

యాడ పూడ్చినారు? … రాగి చేను గట్టున. సరే… దూడ? … ఇంకా కొట్టంలోనే వెదుకుతా ఉందా తల్లిని… పక్కింటి ఆవు పాలు పట్టు. గిన్నెలో వేలు పెట్టి చీకించు, అలవాటు పడుతాది. గోరువెచ్చగా ఉండాల.

…

ఎవరన్నారు ఆ మాట? … ముత్తప్ప బావనా?

…

జున్నుకని పొదుగంతా పిండేసి నువ్వే చంపినావన్నాడా… అందుకే ఒంట్లో కాల్షియం అంతా పోయిందని… నీ చేతి కాఫీ కూడా తాగలేదా…

అక్కా, విను. నువ్వు కాదు… కాదంటే కాదు. అంతా పిండచ్చునా అని నువ్వు నన్నడిగే పిండినావు. పిండుకో అన్నది నేను. మా ఇంటికి పంపిన జున్ను తిన్నది కూడా నేనే.

…

రాత లేదు, ఏమీ లేదు. ఉండు, నన్ను చెప్పనీ. ఇప్పుడు చెప్పకుంటే మళ్ళీ నాకు నోరు రాదు.

ఈనిన రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి సొసైటీ నుంచి వచ్చి ఆవుకి రక్తం తీసినాను కదా… ఆ, రెండు సార్లు. మొదటి రోజు కాల్షియం ఎనిమిది ముక్కాలు ఉండింది. అది నిజం. కానీ ఈనిన మర్నాడే కాల్షియం దిగిపోయేది. ట్రైనింగులో మాకు అదే చెప్పినారు. అందుకే రెండోసారి తీసేది.

ఆ రెండోసారి రక్తం… నేను మిషన్లో పెట్టలేదక్కా.

…

లేదు. మిషను బాగనే ఉండింది. కరెంటూ ఉండింది. జూజువాడిలో మా యక్క కూతురు పెద్దమనిషైన ఫంక్షను… పన్నెండు గంటల బస్సు తప్పిపోతాదని. ఆవు నిలబడి మేస్తా ఉంది, నిన్న బాగుంది, ఈ పొద్దు మాత్రం ఏమైతాదిలే అనుకొన్నాను. నీకు బాగుందని చెప్పేసినాను. పుస్తకంలో ఎనిమిదిన్నర అని రాసి, బస్సెక్కినాను.

…

ఆ. నువ్వు సాయంత్రం ఫోన్ చేసినప్పుడు ఆడే ఉన్నాను. చెవులు చల్లగా ఉండాయి, మెడ పక్కకి తిప్పుకొని పండుకొంది అంటివి. డాక్టరును పిలిచేదా అంటివి…

వద్దంటి. రక్తం బాగుంది, ఈనిన అలసట అంటి. నువ్వు నమ్మితివి.

…

పెట్టినాను. ఈ పొద్దు మిషన్లో పెట్టినాను. ట్యూబు ఫ్రిజ్జులోనే ఉండింది… నాలుగున్నర.

ఆ, ఉండాల్సిన దాంట్లో సగమే.

…

మాట్లాడక్కా… తిట్టు. సొసైటీకి వచ్చి అందరి ముందర తిట్టు.

…

పోనీ. ఉద్యోగం పోతే పోనీ… నా పిల్లోళ్ళ గురించి నువ్వు తలచొద్దు. నీకు దండం పెడతాను, ఈ పొద్దన్నా తలచొద్దు. బావ ఉన్నాడా ఆడ? ఫోన్ ఇయ్యి. నేనే చెప్తాను… ఇయ్యక్కా.

…

అదొకటి అడగొద్దు.

…

అడగొద్దక్కా…

…

బతికేది.

నరానికి ఒక బాటిలు కాల్షియం ఎక్కించుంటే చాలు. గంట లోపల లేచి నిలబడేది. దూడకి పాలిచ్చేది…

మారక్కా, ఫోన్ పెట్టొద్దు. బావకి ఇయ్యి. నీ తప్పు లేదని నా నోటితో చెప్పనీ, ఒక్క నిమిషం, అక్కా, నేను —