గ్యాలరీలో నేను చెప్పిన అబద్ధం

సభాధ్యక్షులు డాక్టర్ వరప్రసాద్ గారికి, ముందు వరుసలో కూర్చున్న బమ్రోలి బస్తీ పెద్దలకు, వారానికి ఒక్కటే దొరికే సెలవు పూటను నాకోసం వదులుకొని వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు మీ విజయరాణి నమస్కారాలు. ఇరవై ఏడేళ్లు ఈ దవాఖానాలో నర్సుగా మీకు సూదులు గుచ్చాను. మీరేమో ఇవాళ నాకు శాలువా కప్పారు. (నవ్వులు)

డాక్టర్ గారు నన్ను చాలా పొగిడారు. ఆ పొగడ్తలన్నీ మూటగట్టుకుని ఇంటికి పోయేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. అందుకే సంతోషిని వాళ్ల నాన్న ఆగయ్యన్న పక్కన నోటుబుక్కుతో కూర్చోబెట్టాను. నేను చెప్పేదంతా రాసి ఆయనకు చూపిస్తోంది. అమ్మా సంతోషీ, మెల్లగానే చెబుతాను, ఒక్క ముక్క కూడా వదలకు.

ఆగయ్యన్న ముప్పై రెండేళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఆ మరమగ్గాల మోతకే రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. వెనక నుంచి వచ్చే టెంపో హారన్ వినపడక ఒకసారి కాలు విరిగి మా దగ్గరికి వచ్చినప్పుడు, నేను కట్టు కడుతుంటే అన్నాడు: "సిస్టరమ్మా, నాదైతే అయిపాయె. కొత్తగొచ్చిన పోరగాండ్లయి గిట్ల గాకముందే ఏమన్న జెయ్యరాదు?" ఆ మాట పట్టుకునే అర్జీ రాశాం. కార్ఖానాల్లో పనిచేసేవాళ్లకు ఏటా చెవుల పరీక్ష జరగాలని, చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు యజమానులే ఇవ్వాలని అడిగాం. ఒక సభ్యుడు దయతలచి, దాన్ని సభ ముందుకు తెస్తానని మాటిచ్చాడు. ఏ సభ అని మాత్రం అడగకండి. మనం ఓట్లేసి పంపినవాళ్లు కూర్చునే సభ, అంతే.

రెండేళ్ల కిందట నేనూ ఆగయ్యన్నా రైలెక్కి వెళ్లి, పాసులు చూపించి పై గ్యాలరీలో కూర్చున్నాం. ఆయన పెళ్లికి పోయినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆనాటి జాబితాలో మన అంశం ఏడోది. మూడోదాని దగ్గరే బండి ఆగిపోయింది. అదేమిటంటే, ఒక మిఠాయికి గౌరవ మిఠాయి హోదా ఇవ్వాలని తీర్మానం. (నవ్వులు) నేనూ మొదట మీలాగే నవ్వాను. ఒకాయన వాళ్ల అమ్మమ్మ చేతి పాకం తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు, ఇంకొకాయన తమ వైపు మిఠాయికి అన్యాయం జరుగుతోందని బల్ల గుద్దాడు, ఒకావిడ ఒక్క నెయ్యి గురించే ఇరవై నిమిషాలు మాట్లాడింది, అలా మూడు గంటలు గడిచేసరికి నేను నవ్వడం మాని గడియారం చూడటం మొదలుపెట్టాను.

మిఠాయి మీద నాకేం కోపం లేదు. మనదనుకున్నదాన్ని చూసి సంబరపడటం తప్పూ కాదు. కానీ దవాఖానా ముందు మీరు అరవై మంది వరుసలో నిలబడి ఉండగా, నేను లోపల తలుపేసుకుని గోడ క్యాలెండర్ ఏ మేకుకు తగిలించాలా అని చర్చ పెడితే మీరు ఊరుకుంటారా?

కింద చేతులు ఊగుతున్నాయి, ముఖాలు ఎర్రబడుతున్నాయి. ఆగయ్యన్నకు మాటలు వినపడవు, అవి మాత్రం కనపడుతున్నాయి. నా మోచెయ్యి తట్టి అడిగాడు: "మన గురించేనా?"

నేను తలూపాను. అది చాలదన్నట్టు ఆయన అరచేతిలో వేలితో 'మన గురించే' అని రాశాను కూడా. ఆయన లేచి కిందికి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. గార్డు వచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

మిఠాయి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వేళ చాలక మిగతావన్నీ వాయిదా పడ్డాయి. మనది ఇప్పటికీ రాలేదు. బస్తీలో అడిగినవాళ్లకల్లా ఆగయ్యన్న "మంచిగ మాట్లాడిండ్రట" అని చెబుతుంటే, నేను తల వంచుకుని మందులు పొట్లం కట్టేదాన్ని. ఆ సిగ్గుతోనే డాక్టర్ గారి వెంటపడ్డాను. ఆయన ఎవరెవరినో బతిమాలి పరీక్ష యంత్రం తెప్పించారు. ఆదివారాలు వెనక గదిలో పరీక్షలు పెడితే, ఆగయ్యన్నే కార్ఖానాలు తిరిగి కుర్రాళ్లను చెయ్యి పట్టుకుని తెచ్చాడు. నలభై మందికి వినికిడి తగ్గడం మొదట్లోనే పట్టుకోగలిగాం. ఈ పాండేసర కార్ఖానాల్లోనే ఇంకా వేల మంది ఉన్నారు. అది ఒక్క దవాఖానా వల్ల అయ్యేది కాదు, చట్టం చేయాల్సిన పని.

అన్నా, ఆ రోజు వాళ్లు మన గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. నీకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు.

(ఆగయ్య నోటుబుక్కు చదివి, లేచి నిలబడ్డారు.)

"నాకు గప్పుడే ఎరుకైంది సిస్టరమ్మా. మన గురించి మాట్లాడితె ఒక్కడన్న తలెత్తి మన దిక్కు సూడకపోవునా? ఎవ్వడు సూడలే. నువ్వు సిన్నబోతవని ఊకున్న."

రాయమ్మా సంతోషీ, ఇది కూడా రాసి చూపించు... మరి లేచి దండమెందుకు పెట్టినవన్నా?

"గట్లనన్న సూస్తరేమోనని."



వచ్చే సమావేశాలకు రెండు పాసులు అడిగి ఉంచాను అన్నా. ఈసారి నా చెవిన ఏది పడితే అదే నీ చేతిలో రాస్తాను. నన్ను ఇన్నేళ్లు భరించిన మీ అందరికీ, ఓపిగ్గా విన్న అధ్యక్షుల వారికీ నా కృతజ్ఞతలు. సెలవు.