కొత్త బ్లేడే వాడాను

నా పేరు, ఇంటి నంబరు మీ దస్త్రం మొదటి పేజీలో ఉన్నాయి. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు, అందరికీ నేను దువ్వెన మామనే. వయసు యాభై నాలుగు. వృత్తి క్షౌరం. బస్టాపు ఎదురుగా రెండు కుర్చీల దుకాణం, ముప్ఫై ఒక్క ఏళ్లుగా నడుపుతున్నాను. ఏడో తరగతి వరకు చదివాను. చదవగలను, సంతకం చేయగలను.

ఈ కేసులో నేను వాంగ్మూలం ఇవ్వడం ఇది రెండోసారి. మొదటిది మార్చి 24న ఇచ్చాను. ఈ రోజు ఏప్రిల్ 7, సోమవారం ఉదయం పదకొండు గంటలకు దర్యాప్తు అధికారి గారు నన్ను పిలిపించి, నా తమ్ముడు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించారు. అది విన్నాక, మొదటిసారి నేను రెండు విషయాలు దాచానని ఒప్పుకుని, మళ్లీ రాసుకోమని నేనే అడిగాను. ఎవరూ బెదిరించలేదు. టీ ఇచ్చారు, తాగబుద్ధి కాలేదు.

నా తమ్ముడు నాకంటే పద్నాలుగేళ్లు చిన్న. ఇంట్లో చిన్నోడు అంటాం. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. నేనే పెంచాను. వాడిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే వెంట్రుక తెగదు, నలుగుతుంది. నాన్న దువ్వెనతో వాడి వేళ్ల మీద కొట్టి కుడిచేతికి మార్చాలని చూశాడు. నేను అడ్డం పడ్డాను. కత్తెరలు చేసే ఆయన దగ్గర రెండు పూటలు కూర్చుని వాడి కోసం ఎడమచేతి కత్తెర ప్రత్యేకంగా చేయించాను. వాడి మోచేయి గోడకు తగలకుండా రెండో కుర్చీని రెండడుగులు జరిపించాను. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. జరపలేదు.

పని నేర్పింది కూడా నేనే. మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి చూస్తుండగా కొత్త బ్లేడు కాగితం విప్పాలి. పని అయ్యాక, అతను చూస్తుండగానే ఆ బ్లేడు రెండుగా విరిచి డబ్బాలో వేయాలి. బయట పదిమంది తొందర పెడుతున్నా సరే. చిన్నోడు ఇరవై ఏళ్ల వయసులో ఒకసారి వాడిన బ్లేడు తుడిచి ఇంకొకాయనకు వాడాడు. నేను మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు వాడే వచ్చి, "అన్నా, తిట్టు, కావాలంటే కొట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు" అని ఏడ్చాడు. ఈ పాత సంగతి ఎందుకు తవ్వుతున్నానంటే, నా దుకాణంలో బ్లేడు విషయం నా తరువాత అంత బాగా తెలిసినవాడు వాడొక్కడే. వాడికి తెలుసు. దయచేసి ఈ మాట అలాగే రాయండి.

ఆరేళ్ల కిందట వాడు కత్తెర వదిలి, జుట్టు నాటే క్లినిక్‌లో సహాయకుడిగా చేరాడు. తల వెనక నుంచి వెంట్రుకల కుదుళ్లు ఒక్కొక్కటిగా తీసి, ముందు బట్టతల మీద సన్నటి గాట్లు పెట్టి, వాటిలో నాటుతారు. గాటు ఏ వైపు వాలితే వెంట్రుక ఆ వైపే మొలుస్తుంది. అందుకే గాట్లు డాక్టరే పెట్టాలి, సహాయకులు కుదుళ్లు శుభ్రం చేసి అందించాలి. ఇదంతా నాకు చెప్పింది వాడే.

దాచిన మొదటి విషయం నా తల మీదే ఉంది. ఏడాదిన్నర కిందట, అక్టోబరులో ఒక ఆదివారం. అప్పటికి నా నెత్తి నున్నగా ఉండేది. కుర్చీలో కూర్చున్నవాళ్లు అద్దంలో తమ ముఖం చూసుకోవాలో నా నెత్తిలో చూసుకోవాలో తెలియడం లేదని ఆటపట్టించేవారు. చిన్నోడు వచ్చి, "అన్నా, ఊరందరి జుట్టూ చూస్తావు, నీ నెత్తి చూసేవాడే లేడు. పద, నేను పెడతాను" అన్నాడు. "డాక్టరు గారుంటారా?" అని అడిగాను. "ఉంటారు" అన్నాడు. ఆ రోజు క్లినిక్‌కి సెలవు. షట్టరు సగం దించి ఉంది. లోపల మేమిద్దరమే. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పని జరిగింది. డాక్టరు గారు దారిలో ఉన్నారని మూడుసార్లు చెప్పాడు. ఆయన రాలేదు. నేను బోర్లా పడుకుని నేల మీద వాడి చెప్పులు చూస్తూ ఉన్నాను. గంటకోసారి "నొప్పిగా ఉందా అన్నా?" అని అడిగాడు. మత్తుమందు ఇచ్చాడు కదా, నొప్పి లేదు. అయినా ఏ గంటకు అడుగుతాడా అని ఎదురుచూశాను. అమ్మ పోయాక నా తల అంత జాగ్రత్తగా ఎవరూ ముట్టుకోలేదు.

జుట్టు వచ్చింది. కానీ నా సొంత సుడి కుడివైపు తిరుగుతుంది, వాడు పెట్టిందంతా ఎడమకు పడుకుంది. ఎలా దువ్వినా మాట వినదు. అందుకే టోపీ పెట్టుకుంటాను. "నీ వాటమే వచ్చిందిరా నా నెత్తికి" అని ఒకసారి వేళాకోళం చేశాను. "మరి నీ తల మీదే కదన్నా గాట్లు పెట్టడం నేర్చుకుంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను మాత్రం వాడేదో తమాషాకు అన్నాడనుకుని నవ్వాను.

ఇక దెబ్బతిన్న మనిషి గురించి. ఆయన మా పక్క ఫొటో స్టూడియో యజమాని. వయసు ముప్ఫై మూడు. నన్ను మామా అంటాడు. వీధిలో అందరి ఫొటోలూ తీస్తాడు, తన ఫొటో మాత్రం ఎవరినీ తీయనివ్వడు. ఇరవై ఆరో ఏటి నుంచి ముందు వైపు జుట్టు రాలిపోయింది. నా దుకాణంలో తప్ప ఎక్కడా టోపీ తీయడు, అక్కడా తెర వేశాకే తీస్తాడు. చర్మ వైద్యురాలు ఒకామె ఇచ్చిన మందులు పద్నాలుగు నెలలు వాడాడు. రోజుకో మాత్ర, రెండు పూటలా నెత్తికి రాసుకునే నీళ్ల మందు. అవి పని చేశాయి. మెడకు కట్టే తెల్లగుడ్డ మీద రాలే వెంట్రుకలు తగ్గిపోవడం నేనే చూపించాను. నడినెత్తిన నూగు మొలిచింది. నుదుటి పైన మాత్రం రాలేదు. ఇంకో ఏడాది ఓపిక పట్టమని ఆమె చెప్పింది.

ఫిబ్రవరి చివర్లో చిన్నోడు దుకాణానికి వచ్చి ఆయన తల చూశాడు. "మాత్రలు మింగుతూ ఎన్నాళ్లు కూర్చుంటారు సార్? మా డాక్టరు గారు ఒక్క రోజులో తేల్చేస్తారు" అన్నాడు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు మామా. డాక్టరే చేస్తాడుగా?" అన్నాడు. నేను చిన్నోడి వైపు చూశాను. వాడు నా టోపీ మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు అన్నా, ఆయనే చేస్తారు. నేను అందిస్తానంతే" అన్నాడు. నేను ఆయనతో, "వెళ్లండి, నాదీ పూచీ" అన్నాను. ఆ టోపీ కింద ఏముందో నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాను.

మార్చి 12, బుధవారం, ఆపరేషను రోజు. ఉదయం ఎనిమిది పదికి ఆయన దుకాణానికి వచ్చాడు. ఆపరేషనుకు ముందు క్లినిక్‌లోనే గుండు చేస్తారు. "అక్కడ కొత్తవాళ్ల ముందు టోపీ తీయడమే నాకు ఎక్కువ. గుండు నువ్వే చెయ్యి మామా" అన్నాడు. తెర వేశాను. కొత్త బ్లేడు, ఆయన చూస్తుండగా కాగితం విప్పాను. ఎనిమిది ముప్ఫై ఐదుకు అయిపోయింది. ఆయన చూస్తుండగా విరిచి డబ్బాలో వేశాను. ఆయన పక్కనున్న తన స్టూడియో నుంచి కెమెరా తెచ్చి స్టాండు మీద పెట్టి తన తల తానే తీసుకున్నాడు. "ఇదే ఆఖరి బట్టతల ఫొటో మామా" అని నవ్వాడు. ఫొటో మీద టైము ఎనిమిది నలభై ఒకటి. ఆ ఫొటోలు మీ దగ్గరున్నాయి. ఒక్క గాటు, ఒక్క ఎర్ర చుక్క ఉంటే చూపించండి. కొత్త బ్లేడే వాడాను.

మార్చి 17, సోమవారం పది ఇరవైకి కట్టు విప్పించుకుని తల కడిగించుకోవడానికి మళ్లీ వచ్చాడు. తన చేత్తో కడుక్కోవాలంటే భయం. నాటిన వెంట్రుకలు గింజంత పొడుగున నిక్కి ఉన్నాయి. వరసలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. నుదుటికి కాస్త పైన, రెండు వేళ్ల వెడల్పున చర్మం నల్లబడింది. వాసన వస్తోంది. నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నా పక్క కుర్చీలో పద్నాలుగేళ్లు పని చేసిన చెయ్యి అది. నేనెక్కడైనా గుర్తుపడతాను.

"ఎలా ఉంది మామా?" అని అడిగాడు. "మానుతోంది" అన్నాను.

ఇది దాచిన రెండో విషయం. లోపలికి వెళ్లి పది నలభై ఐదుకు చిన్నోడికి ఫోన్ చేశాను. "డాక్టరు చేయలేదు కదరా?" అన్నాను.  "ఆయన కాగితాల మీద సంతకం పెడతాడన్నా, అంతే. ఎప్పుడూ అంతే. పెద్దాసుపత్రికి మాత్రం పంపకు, నా బతుకు బుగ్గైపోతుంది. ట్యూబు పంపిస్తాను, రాయమను" అన్నాడు. వాడి గొంతు ఇరవై ఏళ్లప్పుడు ఏడ్చిన గొంతులాగే ఉంది. ట్యూబు వచ్చింది. నేనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, రాసుకుంటే తగ్గిపోతుందని చెప్పాను. మామ చెప్పాడు కదా అని ఆయన రెండు రోజులు రాసుకున్నాడు.

మార్చి 19, బుధవారం ఉదయం ఏడుకు ఆయన తల్లి మా తలుపు కొట్టింది. ఆయన ఒళ్లు కాలిపోతోంది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీము లోపలికి పాకిందని, అరచేతి మేర చర్మం చచ్చిపోయిందని, అక్కడ ఇక ఎప్పటికీ జుట్టు మొలవదని చెప్పారు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు. ఎవరు ఆలస్యం చేశారని అడిగారు. నేను గోడ వైపు చూశాను.

నా తమ్ముడి వాంగ్మూలంలో ఇలా ఉంది: "మా అన్న పాత బ్లేడుతో గుండు గీయడం వల్లే చీము పట్టింది. ఆయన బ్లేడ్లు మార్చడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను." చిన్నప్పటి నుంచి చూస్తున్నాను అన్నాడు. అధికారి గారిని ఆ వాక్యం మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివారు. అలాగే ఉంది. వాడు డాక్టరు మీద చెప్పొచ్చు. పనిముట్ల మీద చెప్పొచ్చు. స్టూడియో ఆయనే గోక్కున్నాడని చెప్పినా నేను నోరు మూసుకుని ఉండేవాణ్ణి, అంత చవటను. ఇన్ని ఉండగా వెతికి వెతికి బ్లేడు పట్టుకున్నాడు. వాణ్ణి నెత్తిన పెట్టుకు పెంచాను.  

పన్నెండు పదిహేనుకు అధికారి గారి ముందు టోపీ తీశాను. కానిస్టేబుల్ గారు నా తల నాలుగు వైపులా ఫొటో తీశారు. ఏ వైద్యుడి చేతనైనా పరీక్ష చేయించుకోవడానికి నాకు సమ్మతమే. నా తల మీద వరసలనూ, ఆసుపత్రిలో ఉన్న ఆయన తల మీద మిగిలిన వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే చెయ్యి.

ఒక సంగతి వరసలో చెప్పకుండా దాటేశాను. మార్చి 22, శనివారం. పుండు చుట్టూ మిగిలిన వెంట్రుకలు తీస్తేగానీ శుభ్రం చేయడం కుదరదన్నారు. ఆయన వార్డువాళ్లను తల మీది గుడ్డ తీయనివ్వలేదు. "మామని పిలవండి" అన్నాడట. సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. ఆయనకు ఒక కన్నే తెరుచుకుంటోంది. ఆ కంటికి కనిపించేలా పట్టుకుని కొత్త బ్లేడు కాగితం విప్పాను. సగం పని అయ్యాక, "మామా, సోమవారం కడిగినప్పుడే నీకు తెలుసా?" అని అడిగాడు. "తెలియదు బాబూ" అన్నాను. "నాకూ అలాగే అనిపించింది. తెలిస్తే నువ్వు చెప్పేవాడివి" అన్నాడు. మిగతా సగం పూర్తి చేసి, ఆయన చూస్తుండగా బ్లేడు విరిచాను.

నా తమ్ముడి మీద కేసుతో పాటు నా మీద ఏం పెట్టాలో అదీ పెట్టండి. ఇంకొక్క మనవి. ఈ కాగితం కోర్టుకు పంపే ముందు ఆసుపత్రిలో ఆయనకు చదివి వినిపించండి. ఆ సోమవారం దగ్గర మెల్లగా చదవండి. నా నోటితో చెప్పడానికి రెండుసార్లు వెళ్లి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.

నేను చెప్పింది చెప్పినట్టు రాశారు. రాసింది నాకు వినిపించారు, ఒక్క ముక్క కూడా ఎక్కువా తక్కువా లేదు. ఇదంతా నిజం. పోయినసారిలా ఈసారి ఏదీ నా దగ్గర మిగుల్చుకోలేదు.

(సంతకం)
దువ్వెన మామ
ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1.05