పారెయ్యని గుండె

ఎవరూ, హిసయో గారి గురించా? కూర్చో అమ్మాయ్, నిలబడి వినే కథ కాదావిడది. పోయి చాలా ఏళ్ళయింది. జపాను దక్షిణ కొసన కాగోషిమా నుంచి పరిశోధనకని ఈ ల్యాబుకొచ్చింది, చివరిదాకా ఆ యాస వదల్లేదు. అప్పుడు నేనిక్కడ పంపులు చూసేవాణ్ణి. కుందేలు గుండెని గాజుగొట్టానికి వేలాడదీసి, వెచ్చటి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే బయట కూడా కొట్టుకుంటుంది, నీకు తెలిసిందే. ఆ నీళ్ళు చాలాసేపు ఆపి, మళ్ళీ వదిలి, ఎంత కండ బతికిందో చూడాలి. గుండెపోటంటే అదే కదా, తిండీ గాలీ అందక కండ చావడం. ఒకరోజు ప్రయోగానికి ముందే పంపు మొరాయించింది. కాసేపు ఆగడం, నడవడం, మళ్ళీ ఆగడం. బాగుచేశాక ఆవిడ మామూలుగానే పని పూర్తిచేసింది. చూస్తే ఏముంది! మిగతావన్నీ చతికిలబడేవి, ఈ గుండె మాత్రం ఏమీ జరగనట్టు కొట్టుకుంటోంది. మా ప్రొఫెసరు కుసునోకి గారు చెయ్యి విదిలించి, "పంపు చెడిన గుండె లెక్కలోకి రాదు. తీసి పారెయ్!" అన్నాడు. ఎవరైనా అదే అనేవారు. ఈవిడ కదిలితేనా! "వచ్చే నెల రాయి ముందు నిలబడాలి కదండీ. దీనికేమని చెప్పను?" అంది.

అదే, మన పెరట్లో రాయి. ఏటా పూలుపెట్టి, ల్యాబులో చచ్చిన జంతువులకి దండం పెడతామే, అది. మేమంతా తలవంచి, మనసు భోజనం మీద పెట్టుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం ఏ కుందేలు ఏం నేర్పిందో చెప్పుకుని మరీ దండం పెట్టేది. ఇప్పుడైతే దండం పెడుతూ ఫోన్లు చూసుకుంటున్నారు... సరే, నిన్ననలేదులే. ఆవిడ మాటకి ప్రొఫెసరుకి ఒళ్ళు మండింది. "చచ్చిన కుందేలుకి లెక్కచెప్పడానికొచ్చావా, గుండెజబ్బుకి మందు వెతకడానికొచ్చావా?" అన్నాడు. "రెండూ ఒకటే పనండీ" అంది. "అయితే నా కళ్ళముందు చేసి చూపించు. చూపించలేకపోతే ల్యాబు వదిలేసి, ఇంటికెళ్ళి మీ అమ్మతో పుల్లటి ఉమే కాయలు ఉప్పులో ఊరబెట్టుకో!" అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "రేపు పొద్దున్నకి వస్తారా?" అంది, అంతే.

పొద్దున్నే మూడు గుండెలు వేలాడదీసింది. ఒకదానికి నీళ్ళు ఒకేసారి చాలాసేపు ఆపింది. రెండోదానికి పంపు చెడినప్పటిలాగే ముందు కాసేపు ఆపి, వదిలి, మళ్ళీ ఆపి వదిలి, ఆ తర్వాత చాలాసేపు ఆపింది. గుండె కణం గోడలో చిన్న తలుపు ఉంటుందిట. లోపల సత్తువ తగ్గితే అది తెరుచుకుని పొటాషియాన్ని బయటికి వదులుతుంది. దాంతో కణం జోరు తగ్గించుకుని, ఉన్నదాంట్లో సర్దుకుంటుంది. ఆ గుండెని కాపాడింది అదేనేమోనని ఆవిడ అనుమానం. ఆ తలుపు మూసే మందొకటుంది, షుగరువాళ్ళు మింగేదే. మూడోదానికి ముందే అది ఎక్కించి, ఆపైన రెండోదానికి చేసినట్టే చేసింది. మళ్ళీ నీళ్ళు వదిలాం. మొదటిది ఉలిక్కిపడి ఊరుకుంది. మూడోదీ అంతే. రెండోది అందుకుంది చూడు! టకటకా, టకటకా, గొట్టం ఊగిపోయింది. "కొట్టుకుంటోంది!" అని అరిచేశాను. తలుపు మూస్తే కాపుదల లేదు, అంటే కాపాడింది ఆ తలుపే! ప్రొఫెసరు, నిన్న నవ్వినవాళ్ళందరూ చూస్తుండగా, నడుం దాకా వంగి ఆవిడకి నమస్కారం పెట్టాడు. "నువ్వు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. ఇంకో మూడు కుందేళ్ళు తెప్పిస్తాను, మళ్ళీ చేద్దాం" అన్నాడు. "మళ్ళీ చెయ్యాలండీ, ఒక్కసారి చాలదు. కానీ ఇవాళ్టికి ఈ మూడు చాలు" అని, చేతులు కడుక్కుని, తనే గొట్టాలు తోముకుంది. గెలిచిన మనిషి అలా ఉండాలి.

అది సరేగానీ, మొన్న నీ ప్రయోగంలో ఒక గుండె తేడాగా వచ్చిందన్నావే. దాన్నేం చేశావు?